రిపోర్టు మొత్తం చూపించాలా?

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. అమెరికాలో అయితే కొని చూసినా చాలు! మనవాళ్లు ఎక్కువగా ఉండే డాలస్ చుట్టుపక్కల ఊళ్లనే తీసుకోండి. ఫ్రిస్కోలోనో ఇర్వింగ్‌లోనో ఇరవై ఏళ్ల కిందట కట్టిన ఇల్లు నచ్చింది. ధర కుదిరింది. అగ్రిమెంటు మీద సంతకాలయ్యాయి. అసలు పని అప్పుడు మొదలవుతుంది.

టెక్సాస్‌లో పాత ఇల్లు కొనేవాళ్లు సాధారణంగా కొంత రుసుము కట్టి 'ఆప్షన్ పీరియడ్' తీసుకుంటారు. వారమో పది రోజులో గడువు. ఆ లోపల కారణమేదీ చెప్పకుండానే బేరం వదులుకోవచ్చు. రుసుము పోతుంది కానీ బయానాగా పెట్టిన సొమ్ము వెనక్కి వస్తుంది. లైసెన్సున్న ఇన్‌స్పెక్టరుతో ఇల్లంతా పరీక్ష చేయించుకోవాల్సింది ఈ రోజుల్లోనే. ఆయన పైకప్పు నుంచి పునాది దాకా చూసి, ఫొటోలతో పదుల పేజీల రిపోర్టు ఇస్తారు. లోపం కనిపించిన అంశానికల్లా 'డి' అనే గడిలో టిక్కు పెడతారు. వదులైన తలుపు గడియకీ అదే టిక్కు, పగిలిన పునాదికీ అదే టిక్కు.

మరి బాగుచేయించమని అడిగేటప్పుడు ఆ రిపోర్టు అమ్మేవాళ్లకి చూపించాలా? చాలామందిని తికమక పెట్టే ప్రశ్న ఇది.

రిపోర్టు మీరు డబ్బిచ్చి రాయించుకున్నది. ఎవరికి చూపాలో, ఎంత చూపాలో సాధారణంగా మీ ఇష్టమే. అయితే రాష్ట్రాన్ని బట్టి ఒప్పందాల తీరు మారుతుంది. మీ అగ్రిమెంటులో ఏముందో ఏజెంటుని ముందే అడగాలి.

మొత్తం పంపేస్తే ఏమవుతుంది? యాభై లోపాల జాబితా చూడగానే అమ్మేవాళ్లకి చిర్రెత్తుకొస్తుంది. 'ఇన్ని వంకలు పెట్టేవాళ్లు ఎందుకు కొంటున్నట్టు?' అనుకుంటారు. మీకు ముఖ్యమైన నాలుగు విషయాలు ఆ గుంపులో కలిసిపోతాయి.

'రిపోర్టు మాకు పంపొద్దు' అని అవతలి ఏజెంటే చెప్పడమూ ఉంది. దానికో కారణం ఉంది. తమకు తెలిసిన లోపాలను అమ్మేవాళ్లు కొనేవాళ్లకి రాతపూర్వకంగా చెప్పాలన్నది టెక్సాస్ చట్టం. అక్కడి రియల్టర్ల సంఘం ఫారంలో అయితే, గత 4 ఏళ్లలో ఇన్‌స్పెక్షన్ రిపోర్టులేమైనా అందాయా అని కూడా అడుగుతారు. మీ బేరం చెడితే, మీరిచ్చిన రిపోర్టు సంగతి తర్వాత వచ్చేవాళ్లకి చెప్పుకోవాలి. ఆ బాధ పడేకంటే మీకే బాగుచేసి ఇద్దామనుకునేవాళ్లూ ఉంటారు. అలాగని దీన్ని బెదిరింపుగా వాడకండి. మాట చెడితే బేరమూ చెడుతుంది.

అందుకే మధ్యే మార్గం మేలు. ప్రాణానికి, జేబుకి పెద్ద దెబ్బ తగిలించే వాటినే ఏరండి. డాలస్ ప్రాంతంలో నేల బంకమట్టి. తడిస్తే ఉబ్బి, ఎండితే కుంచించుకుపోతుంది. కాబట్టి పునాది ముఖ్యం. వడగళ్లు పడే ప్రాంతం కనుక పైకప్పు, ఆ తర్వాత కరెంటు ప్యానెల్, ఏసీ, నీటి లీకులు. ఈ అంశాలున్న పేజీలు, వాటి ఫొటోలు మాత్రం జతచేయండి. పునాది మీద అనుమానముంటే ఇన్‌స్పెక్టరు మాటతో ఆగకుండా స్ట్రక్చరల్ ఇంజినీరు చేత చూపించి, ఆయన ఉత్తరం కూడా పెట్టండి. గడియలు, రంగులు మీరే చూసుకోవచ్చు.

బాగుచేయించమనాలా, డబ్బు తగ్గించమనాలా అన్నది మరో ప్రశ్న. వెళ్లిపోయేవాళ్లు చవగ్గా కానిచ్చేసే ప్రమాదముంది. ధర తగ్గిస్తే మీకు నచ్చిన పనివాళ్లని మీరే పెట్టుకోవచ్చు. అప్పిచ్చే బ్యాంకుకి మాత్రం ఆ సంగతి తెలియాలి. వాళ్లే చేయిస్తామంటే లైసెన్సున్నవాళ్లతో చేయించమని, రసీదులిమ్మని అడగండి. ఇల్లు చేతికొచ్చే ముందు మరోసారి చూపించుకోండి.

అన్నిటికన్నా ముఖ్యమైనది గడియారం. మీరు మరమ్మతులు అడిగినంత మాత్రాన గడువు ఆగదు. 'చూస్తాం, చెబుతాం' అంటుండగానే ఆఖరి రోజు సాయంత్రం 5 గంటలు దాటితే, ఊరికే తప్పుకునే హక్కు పోతుంది. ఆ తర్వాత వెనక్కి తగ్గితే బయానాకే ఎసరు. ఒప్పుకున్న పనులన్నీ సవరణ ఫారంలో రాసి, గడువులోపే ఇద్దరూ సంతకాలు చేయాలి. ఫోన్లో చెప్పిన మాట లెక్కలోకి రాదు.

మన దగ్గర ఇలాంటి గడువు అలవాటు లేదు. కానీ మామూలు జాగ్రత్తతో చూసినా కనిపించని పెద్ద లోపం అమ్మేవారికి తెలిసుంటే, కొనేవారికి చెప్పాలని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలోని 55వ సెక్షన్ చెబుతోంది. బిల్డరు దగ్గర కొన్న ఫ్లాటైతే, అప్పగించిన 5 ఏళ్లలోపు బయటపడ్డ నిర్మాణ లోపాన్ని చెప్పిన 30 రోజుల్లో ఉచితంగా సరిచేయాలని 2016 నాటి రెరా చట్టం అంటోంది. అందుకే ఇక్కడ కొనేవాళ్లు అడ్వాన్సు ఇవ్వకముందే ఓ ఇంజినీరుకి ఇల్లు చూపించాలి. లోపాలేమున్నా కాగితం మీద పెట్టి, ఎవరు బాగుచేయించాలో అగ్రిమెంటులోనే రాయించుకోవాలి.