గీత పక్కన కంకర పొయ్యండి బాబూ

ఫార్ములా వన్‌లో ట్రాక్ లిమిట్స్ గొడవ మీద నా అభిప్రాయం సూటిగా చెప్పేస్తాను. ఎవడు గీత దాటాడా అని కెమెరాల్లో వెతుక్కోవడం దండగ పని.

తెలియని వాళ్ళ కోసం రూలు: ట్రాక్ అంచున తెల్లగీత ట్రాక్‌లో భాగమే, దాని పక్కనుండే రంగుల కర్బ్ కాదు. ఒక్క చక్రం గీతని తాకుతున్నా లోపలున్నట్టే. నాలుగూ దాటితే తప్పు. రేసులో మూడుసార్ల దాకా ఊరుకుంటారు, నాలుగోసారికి 5 సెకన్ల జరిమానా.

మరెందుకు దాటతారంటారా? లాభం కాబట్టి! ఒకప్పుడు గీత అవతల గడ్డో కంకరో ఉండేది, వెళ్ళినవాడికి టైము పోయేది. భద్రత కోసమని చాలాచోట్ల తారు పోశారు. మంచిదే, తారు మీద బ్రేకు పడుతుంది. కానీ దాంతో మలుపే వెడల్పయిపోయింది, స్పీడు తగ్గించే పని లేదు.

2021 బహ్రెయిన్ రేసు గుర్తుందా? 4వ మలుపులో లాప్ టైముల కోసం గీత చూడం అన్నారు. హామిల్టన్ అక్కడ 29 సార్లు దాటాడు. మధ్యలో, ఇక దాటొద్దన్నారు. చివర్లో వెర్‌స్టాపెన్ అదే మలుపులో బయటికెళ్ళి హామిల్టన్‌ని ఓవర్‌టేక్ చేస్తే, స్థానం వెనక్కివ్వాల్సి వచ్చింది. బయటినుంచి ఓవర్‌టేక్ చెయ్యకూడదన్నది వేరే సంగతి, ముందునుంచీ ఉన్నదే, ఒప్పుకుంటాను. కానీ ప్రొడక్షన్‌లో ఉండగా రిక్వైర్‌మెంట్ మార్చే క్లయింటు గుర్తొచ్చాడు నాకైతే.

అసలు తమాషా 2023 ఆస్ట్రియాలో. ఒక్క రేసులో 1200 పైచిలుకు అనుమానాలు! మనుషులు చూసి తేల్చే లోపల రేసైపోయింది, పోడియం కూడా అయిపోయింది. ఆస్టన్ మార్టిన్ ప్రొటెస్ట్ చేస్తే, కొన్ని గంటల తర్వాత ఎనిమిదిమందికి కొత్త జరిమానాలు. ఒకాన్‌కి 30 సెకన్లు, సైంజ్ నాలుగు నుంచి ఆరుకి. టికెట్ కొనుక్కుని చూసినవాడు ఇంటికెళ్ళాక ఫలితం మారింది.

దీనికి ఎఫ్ఐఏ ఆ ఏడాదే అబూ దాబీలో కంప్యూటర్ విజన్ ప్రయత్నించింది. మన వృత్తికి గిరాకీ కాబట్టి సంతోషించాలేమో! కానీ తప్పుడు డేటా అసలు ఎక్కకుండా టేబుల్ మీదే కన్‌స్ట్రెయింట్ పెట్టుకోవచ్చుగా? ఎక్కనిచ్చి, రాత్రి బ్యాచ్ జాబ్‌తో ఏరడమెందుకు? 2023లో మన హుస్సేన్ సాగర్ పక్కన ఫార్ములా ఈ జరిగినప్పుడు రోడ్డంతా గోడలే. అదీ కన్‌స్ట్రెయింటే, కాస్త మొరటుది.

అదే ట్రాక్ మీద మోటోజీపీ బైకులు కూడా తిరుగుతాయి, కార్లకి సరిపోయేది వాళ్ళకి సరిపడదు అనేవారు. నిజమే, అది కొట్టిపారేసే మాట కాదు. అయినా 2024లో ఆస్ట్రియాలో 9, 10 మలుపుల దగ్గర సన్నటి కంకర పట్టీ వేశారు. గీత దాటేవాళ్ళు ఒక్కసారిగా తగ్గిపోయారు.