ఫోను పట్టుకుని చెట్టు కిందికి వెళితే వెళ్లనివ్వండి

"పిట్టల ఫొటోలు తీస్తే జబ్బు పోతుందా సిస్టర్?" అని రోగుల బంధువులు మమ్మల్ని అడుగుతుంటారు. పోదు. అయినా మాన్పించకండి అనే మేము చెబుతాము.

మానసిక కుంగుబాటు, అంటే డిప్రెషన్, వచ్చిన మనిషి ముందుగా వదిలేసేది ఇష్టమైన పనులనే. వదిలేసిన కొద్దీ మనసు ఇంకా కుంగుతుంది, కుంగిన కొద్దీ మంచం దిగబుద్ధి కాదు. ఉత్సాహం వచ్చేదాకా ఆగకుండా ఏదో ఒక చిన్న పని మొదలుపెట్టించడం మానసిక వైద్యంలో ఒక పద్ధతి. ముందు పని, తరువాత ఉత్సాహం. అందుకు ఫొటో తీయడం బాగా సరిపోతుందని మా అభిప్రాయం. ఖరీదైన కెమెరా అక్కరలేదు, ఇంట్లో ఉన్న సెల్‌ఫోన్ చాలు. మందార పువ్వు దగ్గర తేనెపిట్ట ఒక్కచోట నిలవదు. దాన్ని ఫొటో తీయాలంటే కదలకుండా చూస్తూ ఉండాలి. ఆ రెండు నిమిషాలు మనసు తన బాధ చుట్టూ తిరగడం మానుతుంది. రెండు నిమిషాలేనా అనకండి. మూడింటికే మెలకువ వచ్చి ఇంటికప్పు చూస్తూ పడుకునేవారికి వాటి విలువ తెలుసు. పైగా పొద్దుటి వెలుతురు రాత్రి నిద్ర కుదరడానికి కూడా తోడ్పడుతుంది.

ఓపిక ఉన్నవారిని చలికాలంలో గుంటూరు దగ్గర ఉప్పలపాడు చెరువుకో, కైకలూరు దగ్గర ఆటపాకకో తీసుకువెళ్లండి. గూడబాతులు గుంపులుగా కనబడతాయి. ఒంటరిగా మాత్రం చెరువు గట్టుకు పంపకండి. వెళ్లలేకపోతే పెరట్లో జామచెట్టు మీద ఉడుత ఉండనే ఉంది.

తీసిన ఫొటోను వాట్సాప్‌లో పెట్టి, ఎవరు మెచ్చుకున్నారా అని గంటకోసారి చూసుకోవడం మాకు నచ్చదు. ఇంట్లోవాళ్లు పక్కన కూర్చుని "ఇది ఎక్కడ తీశావమ్మా?" అని అడిగితే అంతకంటే మేలు.

విశ్వాసం తక్కువై ఇలా అయ్యిందని సంఘంలో కొందరు అంటారు. ఏలీయా ప్రవక్త బదరీవృక్షము క్రింద కూర్చుని, తన ప్రాణం తీసుకొమ్మని దేవుణ్ణి అడిగాడు. దూత వచ్చి గద్దించలేదు. తట్టి లేపి రొట్టె, నీళ్లు ఇచ్చి మళ్లీ పడుకోనిచ్చాడు. ప్రార్థన తప్పక చేయండి. తప్పు పట్టకుండా, పక్కన కూర్చుని చేయండి.

ఫొటోలు తీస్తున్నారు కదా అని మాత్రలు ఆపవద్దు. వాటి గుణం కనబడడానికే రెండు నుంచి నాలుగు వారాలు, కొందరికి ఇంకా ఎక్కువ పడుతుంది. నెమ్మదించిందని డాక్టరు గారిని అడగకుండా మానేస్తే జబ్బు తిరగబెట్టవచ్చు. రెండు వారాలకు మించి దిగులు, నిద్రలేమి, ఆకలి లేకపోవడం ఉంటే చూపించండి. "చచ్చిపోవాలని ఉంది" అన్న మాట వినబడితే ఫొటోల సంగతి తరువాత, ఆ మనిషిని క్షణం కూడా ఒంటరిగా వదలకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. సలహా కావాలంటే 14416కు, అంటే 2022లో మొదలైన టెలి మానస్‌కు, ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు. తెలుగులోనే మాట్లాడతారు. ఇంట్లో పురుగుమందు డబ్బా ఉంటే ముందు దాన్ని బయటికి పంపేయండి.