ఠాణా గడప దాటని తీర్పులు

బహిరంగ వీధిలో సభ పెట్టుకునే హక్కు ఈ దేశ పౌరుడికి ఉందా? ఉంది. 1972 సెప్టెంబర్ 15న సుప్రీంకోర్టులో ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ సంగతి తేల్చేసింది. సభకు అనుమతి ఇవ్వని అహ్మదాబాద్ పోలీస్ కమిషనర్ మీద హిమ్మత్‌లాల్ షా వేసిన కేసది. రాకపోకల కోసం, శాంతిభద్రతల కోసం షరతులు పెట్టవచ్చు. వీధులన్నిటికీ తాళం వేయడానికి మాత్రం వీల్లేదు. ఇష్టమైతే ఇస్తాం, లేకుంటే లేదు అనే పెత్తనం పోలీసుకు లేదు. ఇదీ తీర్పు సారం.

యాభై ఏళ్లు దాటాక ఆ తీర్పుకు కుప్పంలో ఏ గతి పట్టిందో చూడండి.

2022 డిసెంబర్ 28న కందుకూరులో చంద్రబాబు సభలో తొక్కిసలాట జరిగి ఎనిమిది మంది చనిపోయారు. 2023 జనవరి 1న గుంటూరులో చీరల పంపిణీలో మరో ముగ్గురు. ఆ చావులకు కారకులెవరో తేల్చాలి, జనం సురక్షితంగా కూడే ఏర్పాట్లు చేయాలి. కానీ అప్పటి వైసీపీ ప్రభుత్వం గుంటూరు ఘటన మర్నాడే జీవో నంబర్ 1 తెచ్చింది. జాతీయ రహదారి మొదలు పంచాయతీ రోడ్డు దాకా ఎక్కడా సభ పెట్టకూడదట, అరుదైన సందర్భాల్లో తప్ప! ఆధారం 1861 నాటి పోలీసు చట్టం, సెక్షన్ 30. సిపాయిల తిరుగుబాటు చూసి బెదిరిన తెల్లదొర రాసుకున్న చట్టం అది. జనవరి 4న చంద్రబాబు కుప్పం వస్తే పోలీసులు అడ్డం నిలబడ్డారు. సొంత నియోజకవర్గంలో ప్రతిపక్ష నేతకే దిక్కులేకపోతే సామాన్యుడి మాటేమిటి?

హైకోర్టు జనవరి 12న జీవోను నిలిపివేసింది. ప్రభుత్వం ఢిల్లీకి పరుగెత్తినా సుప్రీంకోర్టు జోక్యం చేసుకోలేదు. మే 12న హైకోర్టు జీవోను కొట్టేసింది. బాగుంది. కానీ కుప్పం పర్యటన ఆపాటికి ఎప్పుడో ముగిసిపోయింది. తీర్పు గెలిచింది, హక్కు ఓడింది. ఆలస్యమే తమకు ఆయుధమని ప్రభుత్వాలకు బాగా తెలుసు.

అదే ఏడాది ఆగస్టు 4న చంద్రబాబు పర్యటనలో మదనపల్లె దారిలోని అంగళ్లులో, ఆపైన పుంగనూరులో రాళ్లు లేచాయి, పోలీసు వాహనాలు తగలబడ్డాయి, పోలీసులూ గాయపడ్డారు. రాయి విసిరే హక్కు ఏ తీర్పూ ఇవ్వలేదు. విసిరినవాడు ఏ జెండా పట్టినా శిక్ష పడాల్సిందే. ప్రభుత్వం మారి చంద్రబాబు గద్దెనెక్కారు. 2024 జూలై 18న వైసీపీ ఎంపీ మిథున్ రెడ్డి పుంగనూరు వస్తే మళ్లీ రాళ్లే, మళ్లీ మంటలే. నిన్న కుప్పంలో ప్రజాస్వామ్యం గురించి గొంతు చించుకున్నవాళ్లకు పుంగనూరులో నోరు పెగల్లేదు. నిన్న పుంగనూరును ఏలినవాళ్లకు ఇవాళ హక్కులు గుర్తొచ్చాయి. అధికారంలో ఎవరున్నా “సెక్షన్ 30 అమల్లో ఉంది” అనే డీఎస్పీల ప్రకటనలు మాత్రం జిల్లా పేజీల్లో ఆగవు.

ఇక హౌస్ అరెస్టు. తెల్లారకముందే ఇంటి ముందు ఇద్దరు కానిస్టేబుళ్లు, “ఈరోజు బయటికి రావద్దు సార్” అని ఒక మాట, చేతికో నోటీసు. పాత సీఆర్‌పీసీలో 149, ఇప్పటి బీఎన్ఎస్ఎస్‌లో 168. ఆ సెక్షన్ నేరం జరగకుండా చూడమంటుంది గానీ మనిషిని ఇంట్లో పెట్టి గొళ్లెం వేయమనదు. మదనపల్లెలో కళాశాల స్థాపించిన అనీబిసెంట్‌ను 1917లో మద్రాసు ప్రభుత్వం ఊటీలో నిర్బంధించింది. దానికైనా తెల్లదొర లిఖితపూర్వకంగా ఉత్తర్వు ఇచ్చాడు. మనవాళ్లు నోటీసు చేతికిచ్చినా, నిర్బంధానికి మాత్రం నోటిమాటే చట్టం!

నాయకులకు హైకోర్టుకు పోయే లాయర్లున్నారు. ధర పడిపోయి మదనపల్లె మార్కెట్ బయట టమాటాలు పారబోసే రైతుకు ఎవరున్నారు? జీతం పెంచమని 42 రోజులు సమ్మె చేసి, సమ్మెలను నిషేధించే ఎస్మా చట్టం దెబ్బ చూసిన అంగన్‌వాడీ అమ్మకు ఎవరున్నారు? వాళ్లకు రాజ్యాంగమంటే స్టేషన్‌లో కూర్చున్న ఎస్సై మూడ్. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడన్న సామెత ఇలాంటి చోటే పుట్టింది.

సుప్రీంకోర్టుకూ ఒక మాట. గుంపులు కూడకుండా పాత సీఆర్‌పీసీ సెక్షన్ 144 కింద ఇచ్చే ఉత్తర్వులను ప్రచురించాలని, న్యాయమైన నిరసనను నొక్కడానికి వాటిని వాడకూడదని 2020 జనవరిలో మీరే చెప్పారు. చెప్పి ఊరుకుంటే చాలదు. పాటించని అధికారి జేబుకు చిల్లు పడనంతకాలం తీర్పు కాగితంగానే మిగులుతుంది. పోలీసు శాఖకు ఆ పాత సెక్షన్ 144 నోటికి వచ్చు. దేశంలోని అధికారులంతా సుప్రీంకోర్టుకు తోడ్పడాలని చెప్పే రాజ్యాంగంలోని 144వ అధికరణమే ఎవరికీ గుర్తుండదు.

కనుక కుప్పం, పుంగనూరు, మదనపల్లె జనులారా! సభకు దరఖాస్తు ఇస్తే రసీదు అడగండి. కాదంటే కారణం రాసిమ్మనండి. గుమ్మం ముందు కానిస్టేబుల్ నిలబడితే ఏ సెక్షన్, ఎవరి సంతకం అని అడగండి. మీకు గిట్టని పార్టీవాణ్ణి ఆపినా ఇదే ప్రశ్న వేయండి. పక్కవాడికి లేని హక్కు రేపు మీకూ ఉండదు.