జేమ్స్‌బాండ్ దీవి ఒక పూట... పక్క దీవి అయిదు రోజులు!

ఈ వారం తారల కబుర్లు కాస్త పక్కన పెడుతున్నాను. కోప్పడకండి! సినిమా మాత్రం ఉంది. జేమ్స్‌బాండ్ ఉన్నాడు, విలన్ ఉన్నాడు, క్లైమాక్స్ కూడా ఉంది. ఆ క్లైమాక్స్‌లో హీరో మా నాన్నగారు.

విషయమేమిటంటే, ఈమధ్య పాఠకుల ఉత్తరాల్లో ఒకే ప్రశ్న మళ్ళీ మళ్ళీ వస్తోంది. "మొదటి జీతాలు అందుకున్నాం. అమ్మానాన్నల్ని థాయ్‌లాండ్ తీసుకెళ్ళాలనుంది. సినిమాల్లో చూపించిన దీవికి వెళ్ళమంటారా, లేక వేరే ఏదైనా చెబుతారా?" అని.

తప్పు మీది కాదు. దీవి అనగానే మనకి గుర్తొచ్చేది సినిమాయే కదా! 2007లో "చిరుత"లో మన రామ్‌చరణ్ హీరోయిన్‌తో దీవిలో చిక్కుకుపోయినప్పుడు, మనకూ అలా చిక్కుకుపోవాలనిపించలేదూ? అయితే హీరో చిక్కుకున్న దీవిలో మోకాళ్ళ నొప్పుల తండ్రి ఉండడు. చేప వాసన పడని తల్లి ఉండదు. నాకు ఇద్దరూ ఉన్నారు.

ఇంట్లో ఈ మాట ఎత్తగానే ముగ్గురు మూడు మాటలన్నారు. మా అక్క, "వెళ్తే ఫీఫీ దీవికే వెళ్ళాలిరా. మాయా బేలో ఫోటో దిగకపోతే థాయ్‌లాండ్ వెళ్ళామని ఎవరు నమ్ముతారు?" అంది. పదేళ్ళ మేనల్లుడు, "మామయ్యా, ఈత కొట్టచ్చా?" అన్నాడు. నాన్నగారు పేపరు మడిచి, "నేను రాను" అన్నారు.

ఆయన ఎందుకు రానన్నారో మాకు తెలుసు. మాది బందరు. 2004 డిసెంబరు 26, ఆదివారం, మార్గశిర పౌర్ణమి. పుణ్యస్నానానికని సముద్రానికి వెళ్ళిన ఆయన స్నేహితుడొకాయన తిరిగి రాలేదు. ఇద్దరూ ఒకే స్కూల్లో మేష్టర్లు. ఆ రోజు నాన్నగారూ వెళ్ళాల్సిందే. జ్వరం వచ్చి ఆగిపోయారు. ఆ తర్వాత ఇరవయ్యేళ్ళలో ఆయన ఒక్కసారి కూడా ఇసుక మీద కాలు పెట్టలేదు. బందరులో ఉండి సముద్రం చూడని మనిషి!

మరి ఆయన్ని కదిలించింది ఎవరో తెలుసా? రోజర్ మూర్! నాన్నగారు కుర్రాడిగా ఉన్నప్పుడు బెజవాడ వెళ్ళి చూసిన ఇంగ్లీషు సినిమా "ద మేన్ విత్ ద గోల్డెన్ గన్". 1974 నాటి బాండ్ చిత్రం. విలన్ స్కారమాంగాగా క్రిస్టఫర్ లీ వేశాడు. అతగాడి రహస్య స్థావరం ఉన్న దీవి, నీళ్ళలోంచి మేకులా నిటారుగా లేచిన ఆ రాయి గుర్తున్నాయా? ఆ దీవి పేరు ఖావ్ ఫింగ్ కాన్, ఆ రాయి పేరు కో తాపు. రెండూ ఫాంగ్‌నా అఖాతంలో ఉన్నాయి. "ఆ రాయి ఇంకా ఉందా?" అన్నారు నాన్నగారు. ఉందన్నాను. పేపరు మళ్ళీ విప్పి, ఓ నిమిషం ఆగి, "దూరం నుంచి చూసి వచ్చేద్దాం" అన్నారు.

ఇక ఉండేది ఎక్కడ? అక్క కోరిన ఫీఫీ నాకు కొత్త కాదు. 2017లో పనిమీద వెళ్ళి మాయా బేలో ఓ పూట గడిపాను. "ద బీచ్" సినిమా 2000లో వచ్చింది. లియొనార్డో డికాప్రియో హీరో, డానీ బోయ్ల్ డైరెక్టరు. మనుషులెరగని స్వర్గంలాంటి చోటు అన్నది కథ. ఆ స్వర్గాన్ని ఇంకా అందంగా చూపించాలని షూటింగువాళ్ళు ఇసుక దిబ్బల్ని చదును చేసి కొబ్బరి చెట్లు నాటారు. స్థానికులు కోర్టుకెక్కారు. పర్యావరణానికి హాని జరిగిన మాట నిజమేనని 2006లో థాయ్ సుప్రీంకోర్టు సమర్థించింది. ఈలోగా సినిమా చూసినవాళ్ళు రానే వచ్చారు. రోజుకి అయిదు వేల మంది దాకా! నేను వెళ్ళిననాడు నీళ్ళకంటే పడవలే ఎక్కువ కనిపించాయి. పగడపు దిబ్బలు దెబ్బతిని, చివరికి 2018 జూన్‌లో ప్రభుత్వం ఆ తీరాన్ని మూసేసింది. మూడున్నరేళ్ళు మనిషి అడుగు పడకపోయేసరికి చిన్నజాతి సొరచేపలు మళ్ళీ తిరగడం మొదలుపెట్టాయి. 2022 జనవరిలో తెరిచారు కానీ, పడవలు ఆ ఒడ్డుకి రాకూడదు, ఒకేసారి ఇంతమందికి మించి ఉండకూడదు అని షరతులు పెట్టారు.

చూశారా తమాషా! ఎవరికీ తెలియని చోటు గురించి తీసిన సినిమా, ఆ చోటుని అందరికీ తెలిసిన చోటుగా మార్చేసింది.

అందుకని నేను మ్యాపు ముందేసుకుని కూర్చున్నాను. బాండ్ రాయికి పడవలో వెళ్ళి రాగలిగేంత దగ్గర, రద్దీకి దూరం. అలా దొరికిందే కో యావ్ నోయ్. "కో" అంటే దీవి, "యావ్" అంటే పొడుగు, "నోయ్" అంటే చిన్న. పక్కనే దీని పెద్దక్క కో యావ్ యాయ్ ఉంది. ఫుకెట్‌కీ క్రాబీకీ మధ్య, అదే ఫాంగ్‌నా అఖాతంలో ఉన్నాయి రెండూ. ఫుకెట్‌లోని బాంగ్ రోంగ్ రేవు నుంచి స్పీడు బోటులో అరగంట ప్రయాణం. అక్కడివాళ్ళలో ఎక్కువమంది ముస్లిములు. చేపలు పట్టడం, రబ్బరు తోటలు, కాస్త వరి సాగు... అదీ వాళ్ళ బతుకు. పెద్ద ట్రాలర్లు తమ నీళ్ళు ఊడ్చేస్తుంటే ఎదిరించి నిలిచిన జాలరులు వాళ్ళు. యాత్రికుల్ని కూడా తమ ఇళ్ళల్లోనే దింపుకుని, తమ షరతుల మీద చూసుకుంటారు. ఆ పనికే 2002లో వాళ్ళకి అంతర్జాతీయ బహుమతి వచ్చింది.

అక్క మూతి ముడిచింది. "అక్కడ ఏముందని?" అంది. "ఏమీ లేదు. అందుకే" అన్నాను. ఆ జవాబు అప్పుడు నాకే గొప్పగా అనిపించింది. తర్వాత కాళ్ళలో వణుకు తెప్పించింది.

2025 సంక్రాంతి సెలవులకి బయల్దేరాం. బావగారికి సెలవు దొరకలేదు. మేము బాంకాక్‌లో విమానం మారి వెళ్ళాం. సరిగ్గా ఆ నెలాఖరునే హైదరాబాదు నుంచి ఫుకెట్‌కి ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ సర్వీసు మొదలైంది. మన అదృష్టం ఎప్పుడూ ఓ పదిహేను రోజులు వెనకే నడుస్తుంది లెండి!

దీవికి మిట్టమధ్యాహ్నం చేరాం. ఎదురుగా నిండు సముద్రం, దూరంగా వరసగా నిలబడ్డ సున్నపురాయి కొండలు. అక్క నోట మాట లేదు. మేనల్లుడు చొక్కా విప్పేశాడు. నాన్నగారు మాత్రం బస చేసిన ఇంటి అరుగు మీదే, గోడకి ఆనుకుని కూర్చున్నారు. ప్రయాణ బడలికతో అందరం ఓ కునుకు తీశాం.

సాయంత్రం అయిదింటికి ఆయన కేక వినిపించింది. "ఒరేయ్! లేవండి! సముద్రం వెనక్కి పోయింది!"

బయటికి పరిగెత్తాను. నిజమే. మధ్యాహ్నం మెట్ల దాకా ఉన్న నీళ్ళు లేవు. ఎంత దూరం చూసినా బురద, రాళ్ళు, పక్కకి ఒరిగిన పడవలు. సునామీకి ముందు సముద్రం వెనక్కి తగ్గుతుందని ఆయన పిల్లలకి పాఠం చెప్పిన మేష్టారు. పైగా ముందురోజే పౌర్ణమి. ఆయన అమ్మ చెయ్యి ఒక చేత్తో, మనవడి చెయ్యి ఒక చేత్తో పట్టుకుని, చెప్పుల్లేకుండా కొండవైపు నడుస్తున్నారు. మోకాళ్ళ నొప్పి ఏమైపోయిందో! ఆ తీరాల్లో, సునామీ వస్తే ఎటు పరుగెత్తాలో చూపించే బోర్డులుంటాయి. రేవు నుంచి వస్తూ ఆయన వాటినే చదువుకున్నారన్నమాట.

నాకు గుండె ఆగినంత పనైంది. సముద్రం చూసి కాదు, ఆయన మొహం చూసి. ఇదేనా నేను ఎంచుకొచ్చిన ప్రశాంతత?

ఆ ఇంటావిడ గబగబా ఎదురొచ్చింది. ఆవిడకి తెలుగు రాదు, నాన్నగారికి థాయ్ రాదు. ఆవిడ కంగారు పడలేదు, నవ్వనూ లేదు. ఆయన పక్కన నిలబడి సముద్రంకేసి వేలు చూపించింది. అక్కడ, ఆ బురదలో, ముసలమ్మలూ పిల్లలూ బుట్టలు పట్టుకుని వంగి గుల్లలు ఏరుకుంటున్నారు. తర్వాత గోడమీద వేలాడుతున్న ఆటుపోట్ల పట్టిక తెచ్చి ఆయన చేతికిచ్చింది. అంకెలు ఏ భాషలోనైనా అంకెలే కదా! నాన్నగారు కళ్ళజోడు సర్దుకుని చదివారు. పౌర్ణమికీ అమావాస్యకీ పోటు ఎక్కువ, ఆటూ ఎక్కువ. ఆ అఖాతం లోతు తక్కువ కాబట్టి నీళ్ళు తగ్గితే నేల చాలాదూరం బయటపడుతుంది. ఇదంతా ఆయనే మాకు చెప్పారు, క్లాసులో చెప్పినట్టు. చెప్పడం పూర్తయ్యాక చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

మర్నాడు సాయంత్రం నీళ్ళు తగ్గాక చూస్తే అరుగు మీద ఆయన లేరు. పంచె మోకాళ్ళ దాకా కట్టుకుని, ఆ ఇంటావిడ బుట్ట మోస్తూ బురదలో నడుస్తున్నారు. పక్కన మనవడు. అమ్మ నా భుజం మీద చెయ్యేసి, "ఇరవయ్యేళ్ళయిందిరా" అంది. అంతే అంది.

అదే ఫీఫీలో అయితే ఆయన కేకకి ఎవరు ఆగేవారు? ఎవరికి తీరిక? ఆయన పక్కన ఓ పావుగంట నిలబడగలిగే మనుషులున్నారే, నేను కొనుక్కున్న ప్రశాంతత అదీ.

ఇక బాండ్ దీవి సంగతి. మూడోరోజు పొడుగుతోక పడవ మాట్లాడుకుని వెళ్ళాం. 1981లో ఆ ప్రాంతాన్ని జాతీయ వనం చేశారు. రాయి దెబ్బ తినకుండా 1998 నుంచి పడవల్ని దాని దగ్గరికి రానివ్వడం లేదు. ఒడ్డు నుంచే చూడాలి. ఒడ్డు నిండా జనం, దుకాణాలు, ఫోటోల కోసం క్యూ. "ఇంతేనా?" అన్నాడు మేనల్లుడు. రోజర్ మూర్ ఎవరో వాడికేం తెలుసు! నాన్నగారు మాత్రం రాయిని తృప్తిగా చూసి, "సినిమాలో పెద్దదిగా కనిపించింది" అన్నారు. అక్క ఫోటో దిగింది. ముప్పావుగంటలో తిరుగు ముఖం పట్టాం. "ఒక పూట చాలు" అంది అక్క. నేను గెలిచానని అనలేదు. అన్నం పెట్టేది ఆవిడే కదా!

అయితే పాఠక మిత్రులారా, నా మాట విని గుడ్డిగా బయల్దేరకండి. కొన్ని సంగతులు ముందే చెబుతాను.

ఈత కోసమే వెళ్తే ఈ దీవి మీకు కాదు. నీళ్ళు నిండినప్పుడే ఈత. మావాడు రోజూ పొద్దున పది దాకా ఆగాల్సి వచ్చింది. ఆటల హోరు, అర్ధరాత్రి పాటలు కావాలన్నా ఇది కాదు. ఊళ్ళోకి వెళ్ళేటప్పుడు ఒళ్ళు కప్పుకునే బట్టలు వేసుకోవాలి. మన ఊళ్ళో కొత్తవాళ్ళ దగ్గర మనం కోరే మర్యాదే అది.

శాకాహారులకి చిన్న హెచ్చరిక. కూరగాయల వంటలో కూడా చేపల సాస్ పోస్తారు. మా అమ్మ మొదటిరోజు కొబ్బరికాయ నీళ్ళతో సరిపెట్టుకుంది. "కిన్ జే" అన్న మాట నేర్చుకోండి, మాంసం, చేప లేని తిండి తింటామని అర్థం. ఆవకాయ సీసా మాత్రం మరవకండి!

మన వేసవి సెలవులకి అటు వెళ్ళకండి. ఆ తీరంలో మే నుంచి అక్టోబరు దాకా వానలు. సంక్రాంతి రోజులు మేలు. మే నెల తప్పదంటే తూర్పు వైపున్న సముయి దిక్కు చూసుకోండి. దీవిలో ఆస్పత్రి చిన్నదే. మందులు వెంట ఉండాలి. చీకటి పడ్డాక మామూలు పడవలు తిరగవు. వీసా నిబంధనలు తరచూ మారుతుంటాయి కాబట్టి టిక్కెట్టు కొనేముందు ఓసారి చూసుకోండి.

మీరడగొచ్చు, "ప్రశాంతంగా ఉన్న దీవి పేరు పత్రికలో వేస్తే దాని గతీ మాయా బే గతే కదా?" అని. ఈ వ్యాసం రాయడానికి ముందు నేనూ అదే అనుకుని రెండు రోజులు కలం పట్టుకోలేదు. నాన్నగారినే అడిగాను. "పేరు రాయి. కానీ ఆ ఊళ్ళో ఏం లేదో కూడా రాయి. అది చదివీ వచ్చేవాడు పాడు చెయ్యడు" అన్నారు. మేష్టారు చెప్పాక మారు మాటేముంది? రాసేశాను.

సినిమాలో చూసిన చోటుకి ఒక పూట వెళ్ళండి, సరదా తీర్చుకోండి. పడుకుని లేచే చోటు మాత్రం మీవాళ్ళని చూసి ఎంచుకోండి, తెరని చూసి కాదు.

అన్నట్టు, మొన్న ఆదివారం బందరు నుంచి అమ్మ ఫోన్ చేసింది. నాన్నగారు ఇంట్లో లేరట. మంగినపూడి బస్సెక్కారట, ఒక్కరే. నేను మాట్లాడే సమయానికి ఇంకా తిరిగి రాలేదు. అమ్మ గొంతులో మాత్రం కంగారు లేదు.