నేల మింగిన నూనె

కంటికి కనిపించే పొగపై ప్రజలు గోల చేస్తారు, ప్రభుత్వాలు కదులుతాయి. నేలలోకి ఇంకిన విషం ఎవరికీ పట్టదు. చైనాలోని లాంఝౌ నగరంలో జరిగింది ఇదే.

గాన్సు రాష్ట్రానికి ముఖ్యపట్టణమైన లాంఝౌ, హొయాంగ్‌హో నది ఒడ్డున, కొండల నడుమ ఇరుకు లోయలో ఉంది. 1950 దశకంలో రష్యా సాయంతో అక్కడ చమురుశుద్ధి కర్మాగారం వెలిసింది. రసాయన పరిశ్రమలూ వచ్చాయి. వేలాదిమందికి పని దొరికింది. పొగ మాత్రం లోయలోనే నిలిచిపోయింది. గాలి పారేందుకు 1990 దశకంలో ఒక కొండనే తవ్వేయబోయారంటే బాధ ఎంతటిదో తెలుస్తుంది. ఆ పని నెరవేరలేదు. 2012 తర్వాత బొగ్గు బాయిలర్లు తీసి గ్యాసువి పెట్టారు, కర్మాగారాలపై నిఘా వేశారు. గాలి మెరుగుపడింది. 2015లో పారిస్ వాతావరణ సదస్సు సందర్భంగా ఆ నగరానికి బహుమతి కూడా లభించింది. ఇది మెచ్చదగిన విషయమే.

కాని అంతకు ముందు ఏడాదే, 2014 ఏప్రిల్‌లో, అదే నగరపు కుళాయి నీటిలో బెంజీన్ బయటపడింది. ఇది చమురులో ఉండే రసాయనం. ఏళ్ల తరబడి ఒంట్లోకి పోతే రక్త క్యాన్సర్ తెస్తుంది. అక్కడి నిబంధన ప్రకారం లీటరు నీటిలో 10 మైక్రోగ్రాములు మించరాదు. ఆ రోజు 200 ఉంది. 10వ తేదీనే పరీక్షలో తేలినా ప్రజలకు చెప్పింది మర్నాడు. 24 లక్షలమంది తాగునీటికి ముప్పు వచ్చింది. దుకాణాల్లో సీసానీళ్లు చూస్తుండగానే అయిపోయాయి.

ఆ విషం ఆనాటిది కాదు. 1987లోనూ, 2002లోనూ కర్మాగారంలో జరిగిన ప్రమాదాలలో ఒలికిన నూనె మట్టిలో ఇంకి ఉండిపోయిందని, అదే పాతబడిన మంచినీటి కాలువలోకి ఊరిందని అధికారులు తేల్చారు. అంటే 27 ఏళ్ల కిందటి నిర్లక్ష్యం ఆనాడు పుట్టని పిల్లల గ్లాసులోకి వచ్చింది.

పరిశ్రమలు వద్దని ఎవరూ అనరు. అయితే ప్రమాదం జరిగిన నాడే పాడైన మట్టిని తవ్వి తీయించాలి. ఆ ఖర్చు కర్మాగారమే భరించాలి. నీటి పరీక్షలో తేడా కనిపించిన గంటలోనే ప్రజలకు చాటించాలి. నేల దేన్నీ మరచిపోదు. విత్తనమైనా, విషమైనా ఎప్పటికైనా పైకి తేవలసిందే. ఈ సంగతి రైతుకు ఒకరు చెప్పనక్కరలేదు. తెలియవలసింది కర్మాగారాలకు అనుమతులిచ్చే వారికే.