ఆ వేలిముద్రకు ఈసీ ఏది?

తెలంగాణ ముఖ్యమంత్రి గారికి, కేంద్ర ఐటీ శాఖ మంత్రి గారికి


ఇరవై ఆరేళ్లుగా సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ఎదుట దస్తావేజులు రాసుకుని బతుకుతున్నాను. క్రయ దస్తావేజైనా, గిఫ్ట్ డీడ్ అయినా, తనఖా అయినా హద్దులు ఎంత జాగ్రత్తగా చూస్తానో వేలిముద్ర కూడా అంతే జాగ్రత్తగా చూస్తాను. బీడీలు చుట్టే ఆడవాళ్లు వచ్చిన రోజు నాకు పని ఎక్కువ. తునికాకు, తంబాకు, దారం కలిసి వాళ్ల వేళ్ల గీతలు తినేసి ఉంటాయి. తడిగుడ్డతో తుడిచి, ఇంకు పల్చగా అద్ది, బొటనవేలు ఈ అంచు నుంచి ఆ అంచుకు మెల్లగా దొర్లిస్తే గానీ ముద్ర పడదు.

చాలా ఏళ్ల కింద, ఇద్దరు కొడుకులకు ఇంటిజాగా రాసివ్వడానికి వచ్చిన ఒక పెద్దమ్మ ముద్ర వేశాక వేలు కొంగుకు తుడుచుకుంటూ అడిగింది: "గీ ముద్ర యాడికి పోతది కొడుకా?" "సర్కారు బీరువాల భద్రంగ ఉంటదమ్మా" అన్నాను. నమ్మే అన్నాను.

2018 జూన్‌లో మా పెద్దపల్లి జిల్లా పేరు పేపర్లలో వచ్చింది. సిమ్ కార్డులు అమ్మే ఒకతను రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులోంచి దస్తావేజులు దించుకున్నాడు. వాటి మీది వేలిముద్రలతో రబ్బరు ముద్రలు తయారు చేసి వేల సిమ్‌లు యాక్టివేట్ చేశాడు. ఆధార్ నంబర్లు కూడా ఆ కాగితాల మీదే ఉన్నాయి మరి. టార్గెట్ కోసం చేశాడని అప్పుడు పోలీసులు చెప్పారు. తర్వాత నాలుగేళ్లకు సైబరాబాద్ పోలీసులకు ఇంకో ముఠా దొరికింది. వీళ్లు ఆంధ్రప్రదేశ్ రిజిస్ట్రేషన్ వెబ్‌సైటు దస్తావేజులతో అలాగే నకిలీ వేలిముద్రలు తయారు చేసి జనం బ్యాంకు ఖాతాల్లోంచి డబ్బు లాగారు. ఆ వార్త చదివిన రోజు నాకు ఆ పెద్దమ్మ వేలు గుర్తొచ్చి అన్నం సహించలేదు. పాస్‌వర్డ్ పోతే మార్చుకుంటాం. బొటనవేలు ఎక్కడ మార్చుకుంటుంది?

"మేం వివరాలు అడిగితే నిఘా అంటారు, గూగుల్‌కూ ఫేస్‌బుక్‌కూ మాత్రం మీరే అన్నీ ఇస్తారు" అని సర్కారు తరఫున మాట్లాడేవాళ్లు అంటుంటారు. ఇస్తున్నాం, నిజమే. ఇచ్చి నష్టపోతున్నాం కూడా. 2020లో లోన్ యాప్‌లు ఫోన్‌లోని నంబర్లన్నీ గుంజుకుని చుట్టపక్కాలందరి ముందూ పరువు తీస్తే, మన రాష్ట్రంలోనే కొందరు ప్రాణాలు తీసుకున్నారు. కంపెనీలను నేను వెనకేసుకురావడం లేదు. అయితే యాప్ వద్దనుకుంటే తీసేయవచ్చు. రేషన్ షాపు మిషన్ మీద వేలు పెట్టనంటే బియ్యం రావు. సమగ్ర వేదిక పేరుతో శాఖల వివరాలన్నీ కలిపి చూసే ఏర్పాటు మన దగ్గరే పుట్టింది. కంప్యూటర్ చెప్పిందని లక్షల రేషన్ కార్డులు తీసేస్తే, ఇళ్లకు వెళ్లి మళ్లీ చూడండని 2022లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. ఏ కంపెనీ దగ్గరా ఇంత బలం లేదు.

పైగా సర్కారు, కంపెనీలు, ఈ రెండూ వేర్వేరు చెరువులేం కాదు, మధ్యలో తూము ఉంది. బండ్ల రిజిస్ట్రేషన్లు, డ్రైవింగ్ లైసెన్సుల వివరాలు 87 ప్రైవేటు కంపెనీలకు ఇచ్చామనీ, దాని మీద సుమారు రూ. 65 కోట్లు వచ్చాయనీ 2019లో కేంద్ర రవాణా మంత్రే రాజ్యసభకు చెప్పారు. మరుసటేడు ఆ విధానం రద్దు చేశారు. వెళ్లిపోయిన వివరాలు వెనక్కి వచ్చాయా?

2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఒక్కమాటగా గోప్యత ప్రాథమిక హక్కన్నారు. కేంద్ర మంత్రి గారూ, ఆరేళ్లకు మీ ప్రభుత్వం డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం తెచ్చింది. జాగ్రత్త తీసుకోని వాళ్లకు రూ. 250 కోట్ల దాకా జరిమానా రాశారు, సంతోషం. కానీ ఆ సొమ్ము కేంద్ర ఖజానాకు పోతుంది. ముద్ర పోగొట్టుకున్న మనిషికి ఒక్క రూపాయి రాదు. 17వ సెక్షన్‌లో, దేశ భద్రత, శాంతిభద్రతల పేరుతో, కేంద్రం నోటిఫై చేసిన ప్రభుత్వ సంస్థలకు ఈ చట్టం నుంచే మినహాయింపు ఇచ్చుకున్నారు. దస్తావేజులో ఇలా ఒక పార్టీని ఏ షరతూ అంటకుండా రాస్తే, రెండో పార్టీతో సంతకం పెట్టవద్దని నేనే చెబుతాను. ముఖ్యమంత్రి గారూ, ఫోన్ ట్యాపింగ్ కేసులో 2024లో పోలీసు అధికారులే అరెస్టయిన రాష్ట్రం మనది. అధికారుల చేతిలో ఉంటే భద్రమేనన్న మాట ఇక్కడ ఎట్లా చెల్లుతుంది?

నా వృత్తిలోంచే ఒక మాట అడుగుతాను. భూమికి ఈసీ (ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్) ఉంది. ఫీజు కడితే ఫలానా సర్వే నంబరు మీద ఎవరు కొన్నారు, ఎవరు తనఖా పెట్టుకున్నారు, ఎప్పుడు విడిపించారు, అన్నీ వరసగా వస్తాయి. నా వేలిముద్రకు, నా ముఖానికి, నా ఫోన్ నంబరుకు అలాంటి ఈసీ ఇవ్వండి. ఏ శాఖ తీసి చూసింది, ఏ కంపెనీకి ఇచ్చింది, ఏ తేదీన, ఏ అధికారి సంతకంతో అన్నది అందులో ఉండాలి. ఆధార్ వాళ్లు ఆరు నెలల చరిత్ర చూపిస్తారు. నేనెక్కడ వేలు పెట్టానో అందులో తెలుస్తుంది. నా వివరాలు అక్కడి నుంచి ఎటు పోయాయో తెలియదు. పోలీసులు దర్యాప్తు కోసం చూస్తే, కేసు ముగిశాకైనా అది ఈసీలో కనపడాలి. అది పోలీసుల ఇష్టానికి వదలకుండా, ఎంతకాలం దాచవచ్చో జడ్జి చెప్పాలి.

ఇప్పటికీ ఎవరో ఒకరు వేలు తుడుచుకుంటూ ఆ పెద్దమ్మ అడిగిందే అడుగుతారు. బీరువాలో ఉంటదని చెప్పడం మానేశాను. "నాకూ తెల్వదమ్మా, సర్కారుకు రాసిన, జవాబు రాంగనే చెప్త" అంటున్నాను.

ఇట్లు,
ఒక దస్తావేజు లేఖరి
పెద్దపల్లి జిల్లా