రాత్రి మందు, పగలు విరుగుడు

డెబ్బై అయిదు దాటిన ఒక పెద్దావిడ మందుల డబ్బా తెరిచారనుకోండి. రాత్రి పడుకోబోయే ముందు డొనెపిజిల్, మతిమరుపుకని న్యూరాలజిస్టు రాసింది. అది మొదలుపెట్టాక మూత్రం ఆపుకోలేకపోతోందని కూతురు ఇంకో డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే, ఆయన ఆక్సీబ్యుటినిన్ రాశారు. పాత చీటీ ఆయన అడగలేదు, వీళ్లు చూపించలేదు. మొదటి మాత్ర మెదడులో అసిటైల్‌కోలిన్ తరిగిపోకుండా చూస్తుంది. రెండోది అదే అసిటైల్‌కోలిన్‌ని పని చేయనివ్వదు. డబ్బు మాత్రం రెండింటికీ మనదే! పైగా మూత్రం అలా ఆగకపోవడం డొనెపిజిల్ తెచ్చిపెట్టే ఇబ్బందుల్లో ఒకటన్నది వైద్యులకు కొత్త సంగతేం కాదు.

ఒక నరం నుంచి మరో చోటికి కబురు రసాయనం రూపంలో వెళ్తుందని 1921లో ఆస్ట్రియాలోని గ్రాజ్‌లో ఓటో లోవీ నిరూపించాడు. రెండు కప్ప గుండెలు తీసుకుని, ఒకదాని నరాన్ని ప్రేరేపించి దాని వేగం తగ్గించాడు. ఆ గుండె ఉన్న ద్రవాన్ని రెండోదానికి పట్టిస్తే అదీ నెమ్మదించింది. ఆ ద్రవంలో ఉన్నది అసిటైల్‌కోలినేనని తర్వాత తేలింది. 1936లో హెన్రీ డేల్‌తో కలిసి ఆయనకు నోబెల్ వచ్చింది. మెదడులో మనసు లగ్నం చేయడానికీ, కొత్త విషయం గుర్తుంచుకోవడానికీ ఇదే పదార్థం కావాలి. అల్జీమర్స్‌తో చనిపోయినవాళ్ల మెదళ్లను 1976లో ఎడిన్‌బరోలో పీటర్ డేవీస్, మలోనీ పరీక్షిస్తే, దాన్ని తయారుచేసే ఎంజైము బాగా పడిపోయి కనిపించింది. పోయిన కణాలు ఎలాగూ రావు, మిగిలిన కాస్త అసిటైల్‌కోలిన్‌నైనా త్వరగా విరిగిపోకుండా కాపాడదాం అన్న ఆలోచనతోనే 1993లో అమెరికాలో టాక్రిన్ వచ్చింది. అది కాలేయాన్ని దెబ్బతీసింది. 1996లో డొనెపిజిల్ వచ్చింది. ఇది జబ్బును ఆపదు. కొందరికి, కొంతకాలం, కొద్దిగా ఊతమిస్తుంది. ఈ మాట మొదటిరోజే ఇంట్లోవాళ్లకు చెప్పేస్తే బాగుంటుంది.

వయసుతో వచ్చే మరుపు వేరు. డోపమిన్ అనే మరో కబురు రసాయనాన్ని అందుకునే గ్రాహకాలు నడివయసు రాకముందు నుంచే నెమ్మదిగా తగ్గుతూ వస్తాయి. కబురు చేరుతుంది, కాస్త ఆలస్యంగా. పెళ్లిలో పలకరించినాయన పేరు ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుంటుంటే తడుతుంది. అసలు పెళ్లికి వెళ్లిన సంగతే మర్నాటికి గుర్తు లేకపోతేనే డాక్టరు దాకా వెళ్లాల్సింది.

ఈ రెండూ కాని మూడో మరుపు ఒకటుంది. నా గొడవంతా దాని గురించే.

ఉమ్మెత్త కాయ తిన్నవాణ్ణి ఊళ్లో చూసినవాళ్లకు తెలుసు: నోరు ఎండిపోతుంది, కంటిపాపలు విచ్చుకుంటాయి, గాల్లో ఏదో ఏరుకుంటున్నట్టు చేతులు ఆడతాయి, కన్నబిడ్డ ఎదురుగా నిలబడినా పోల్చుకోడు. అందులోని అట్రోపిన్, స్కోపలమిన్ అసిటైల్‌కోలిన్‌కి అడ్డుపడతాయి. 1974లో డ్రాక్‌మన్, లెవిట్ అనే ఇద్దరు ఆరోగ్యంగా ఉన్న కుర్రవాళ్లకు స్కోపలమిన్ ఇచ్చి జ్ఞాపకశక్తి పరీక్షిస్తే, ఫలితాలు ముసలివాళ్లవాటిలా వచ్చాయి.

ఈ గుణం ఎంతో కొంత మనం చీటీ లేకుండా కొనుక్కునే మాత్రల్లోనూ ఉంది. జలుబు మాత్రల్లోని క్లోర్‌ఫెనిరమిన్, దురదకు వేసుకునే హైడ్రాక్సిజిన్, కడుపునొప్పికి డైసైక్లోమిన్. నరాల నొప్పికి రాసే అమిట్రిప్టిలిన్, చేతుల వణుకుకు రాసే ట్రైహెక్సిఫెనిడిల్ కూడా ఆ కోవలోవే. ముప్పై ఏళ్లవాడికి కాస్త మగత, అంతే. ఎనభై ఏళ్ల మనిషికి మందు ఒంట్లోంచి త్వరగా పోదు, మెదడులో అసిటైల్‌కోలిన్ నిల్వా అంతంత మాత్రం. రెండ్రోజులు జలుబు మాత్ర వేసుకున్న తాతయ్య అర్ధరాత్రి లేచి "ఇదెవరిల్లు?" అని అడుగుతాడు. ఇంట్లోవాళ్లు "పెద్దాయన కదా, ఇక ఇంతే" అనేసుకుంటారు. ఆ మాత్ర సంగతి ఎవరికీ తట్టదు.

వృద్ధులకు ఇవ్వకపోతే మేలనిపించే మందుల జాబితాను మార్క్ బీర్స్ 1991లోనే తయారుచేశాడు. అమెరికా వృద్ధవైద్యుల సంఘం దాన్ని ఇప్పటికీ సవరిస్తూనే ఉంది. మన మెడికల్ షాపులో కుర్రాడు షీటులోంచి నాలుగు మాత్రలు కత్తిరించి ఇస్తాడు. ఎవరికని అడగడు. అడగాలని అతనికి ఎవరూ చెప్పలేదు కూడా. "వయసెంత?" అని ఒక్క ప్రశ్న అడగడానికి కొత్త చట్టమేమీ అక్కర్లేదు. డాక్టర్లకూ మినహాయింపేం లేదు. చీటీలో ఒక మందు చేర్చడానికి పట్టే సమయం, ఒకటి తీసేయడానికి పెట్టేవాళ్లు తక్కువ.

ఈసారి వెళ్లినప్పుడు చీటీలు కాదు, డబ్బా మొత్తం పట్టుకెళ్లండి. జలుబు మాత్రలు, దగ్గు సిరప్పు, నిద్రకని పక్కింటివాళ్లిచ్చినవి, అన్నీ. "వీటిలో ఏది తీసేయొచ్చు?" అని అడగండి. ఇది చదివి ఇంట్లో మీరే ఏరి పారేయకండి. అమిట్రిప్టిలిన్ లాంటివి ఒక్కసారిగా మానేస్తే ఒంటికి పడదు, ఎంతెంత తగ్గించాలో డాక్టరే చెప్పాలి.